ఆ డబ్బా సంగతి

మా అబ్బాయికి ఆరో ఏట లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ అన్నారు, అందులో ఏఎల్ఎల్ అనే రకం. మొదటి నెల గురించి ఎక్కువ చెప్పను. బోన్ మ్యారో, వెన్నులో సూదులు, స్టెరాయిడ్స్‌తో ఉబ్బిన బుగ్గలు. డానోరూబిసిన్ అనే ఎర్రటి కీమో మందు ఎక్కించిన రోజు మూత్రం ఎర్రగా వచ్చింది. అది మందు రంగేనని నర్సమ్మ ముందే చెప్పబట్టి నా ప్రాణం నిలిచింది.

ఆ రోజుల్లోనే బాబాయి వరసైన ఒకాయన చూడ్డానికొచ్చాడు. "ఒంట్లో యాంటీఆక్సిడెంట్లు తక్కువైతేనే ఇవన్నీ వస్తాయమ్మాయ్. చిన్నప్పుడు సరిగ్గా పెట్టి ఉంటే..." అని అక్కడితో ఆపాడు. మిగతాది నేను రోజూ పూర్తి చేసుకున్నాను. వెళ్తూ ఒక డబ్బా ఇచ్చాడు. విటమిన్ సి, ఇ, సెలీనియం, ఫోలిక్ యాసిడ్. డాక్టర్‌కి చెప్పకుండా పదకొండు రోజులు వేశాను.

పన్నెండో రాత్రి రెండింటికి వాడి ఒళ్లు కాలిపోతోంది. 101.6. 100.4 దాటితే ఇంట్లో జ్వరం బిళ్ల వేసి కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి రావాలని ముందే చెప్పారు. పరిగెత్తాం. న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు, 200 కూడా లేవు. వాడు చలితో వణుకుతున్నాడు, పళ్లు టకటకమంటున్నాయి. బీపీ పడిపోతోందని ఎవరో అన్నారు. నేనే చంపుకుంటున్నానేమో అనిపించి డ్యూటీ డాక్టర్‌కి డబ్బా సంగతి చెప్పేశాను. "చదువుకున్నవాళ్లు కూడా ఇంతేనా?" అన్నాడు. ఆ మాట ఈనాటికీ మంటే. అయితే యాంటీబయాటిక్ ఆలస్యం కాకుండా పెట్టించిందీ ఆయనే, తెల్లారేదాకా మంచం దగ్గర నిలబడిందీ ఆయనే. ఏమనాలి?

పొద్దున పెద్ద డాక్టర్ వచ్చి కూర్చున్నారు. "జ్వరం ఆ బిళ్లల వల్ల కాదమ్మా, తెల్లకణాలు పడిపోవడం వల్ల" అన్నారు. కీమో వల్ల ఆక్సిడేటివ్ స్ట్రెస్, అంటే కణాల్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ ఒత్తిడి, పెరిగే మాట నిజమే, ఆ ఎర్ర మందు పుట్టించే ఫ్రీ రాడికల్స్ గుండెకి చేటు చేస్తాయి, అందుకే ఎకో (గుండె స్కాన్) తీస్తూ ఉంటామన్నారు. కానీ ఆ ఫ్రీ రాడికల్స్‌ని అణిచే యాంటీఆక్సిడెంట్లు బిళ్లలతో దట్టిస్తే మంచి కణాలతో పాటు క్యాన్సర్ కణాలనీ కాపాడతాయేమోనన్నదే భయమట. ఫోలిక్ యాసిడ్ సంగతైతే మరీ ఘోరం. వాడికిచ్చే ఇంకో కీమో మందు మెథోట్రెక్సేట్ పనే ఫోలేట్‌ని, అంటే ఫోలిక్ యాసిడ్ జాతి విటమిన్‌ని, అడ్డుకోవడం. అంటే ఒక చేత్తో మందు ఎక్కిస్తుంటే, రెండో చేత్తో దానికి విరుగుడు వేస్తున్నానన్నమాట!

"మరి నేను సరిగ్గా పెట్టకపోవడం వల్లేనా?" అని అడిగాను. కాదన్నారు. ఎముక మజ్జలో ఒక కణం జన్యువులు మారడంతో మొదలవుతుంది, కొందరు పిల్లల్లో ఆ మొదటి మార్పు కడుపులో ఉన్నప్పుడే జరిగిపోతుందట. అప్పుడు ఏడ్చాను, అన్నాళ్లకి.

ఎవరేం తెచ్చిచ్చినా, విటమిన్ అయినా సరే, ముందు డాక్టర్‌కి చూపించండి. తిట్టినా సరే.

ట్రీట్‌మెంట్ అయిపోయింది. ఇప్పుడు ఎకోలకీ చెకప్‌లకీ మాత్రం వెళ్తున్నాం. మొన్న బాబాయి ఫోన్ చేసి, "చూశావా, నేనిచ్చినవి ఎంత బాగా పనిచేశాయో!" అన్నాడు. పదకొండు రోజులకే ఆపేశానని ఆయనకింకా చెప్పలేదు.