కాశీ ప్రయాణంలో సీటు బేరం

నెల్లూరులో ఉండేవాళ్ళకి విమాన ప్రయాణమంటే ముందు రోడ్డు ప్రయాణం. దగదర్తి దగ్గర విమానాశ్రయానికి 2019లో శంకుస్థాపన అయితే చేశారు గానీ, మనం ఇప్పటికీ విమానం ఎక్కాల్సింది రేణిగుంటలోనో మద్రాసులోనో. కాశీకి నేరుగా పోవాలంటే మద్రాసే దిక్కు. ఈ మాఘమాసంలో అమ్మని గంగస్నానానికి తీసుకెళ్దామనుకున్నప్పుడు రైలు సంగతి ముందే వదిలేశాం. ఒకటిన్నర రోజు పైగా కూర్చోవడం ఆమె మోకాళ్ళ వల్ల అయ్యే పని కాదు.

అమ్మ, నేను, మా ఆవిడ, మూడో తరగతి చదువుతున్న మా పాప. నలుగురికీ ఒకే పీఎన్ఆర్ మీద టికెట్లు తీశాను. బుక్ చేసేటప్పుడే అమ్మకి వీల్‌చెయిర్ కావాలని పెట్టాను. దానికి పైసా తీసుకోరు.

విమానానికి 48 గంటల ముందు వెబ్ చెక్ఇన్ తెరుచుకుంది, అంటే ఇంట్లోంచే సీటూ బోర్డింగ్ పాసూ తీసుకోవచ్చు. రాత్రి భోజనాలయ్యాక హాల్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. తెర మీద సీట్ల బొమ్మ వచ్చింది. ముందు వరసల్లో సీటు వెయ్యి పైన. మధ్య వరసల్లో కిటికీ, నడవ పక్కవి నాలుగైదు వందలు, మధ్యలోది మూడు వందల యాభై. వెనక్కి పోయేకొద్దీ రేటు తగ్గుతోంది గానీ సున్నా ఎక్కడా లేదు. పైన ఎర్రక్షరాలతో 'కొద్ది సీట్లే మిగిలాయి' అని ఒకటి. పక్కనే ఇంకో బేరం: ప్రయారిటీ చెక్ఇన్, మనిషికి ఇంత అని. అన్నిటికంటే కింద, కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప కనిపించనంత చిన్నగా 'స్కిప్' అని ఉంది. అది నొక్కితే వాళ్ళే ఏదో ఒక సీటు ఉచితంగా ఇస్తారు.

తెలియనివాళ్ళు ఆ తెర చూస్తే సీటు కొనకపోతే ఎక్కనివ్వరేమో అనుకుంటారు. మా వీధిలో రిటైరైన ఒకాయన అలాగే అనుకుని, పోనూ రానూ నలుగురికీ కట్టుకున్నాడు. ఇలా హడావుడి పెట్టి కొనిపించడం, మనకి కావాల్సిన బటన్ దాచిపెట్టడం లాంటి 13 రకాల పద్ధతులు కుదరవని 2023 నవంబర్‌లో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. అంతకుముందు, కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ఇవ్వడానికి మనిషికి 200 తీసుకునేవాళ్ళు. 2022 జులైలో పౌరవిమానయాన శాఖ అదీ కుదరదంది. అంటే చెక్ఇన్‌కి మనం కట్టాల్సిందేమీ లేదు. డబ్బు పడేదల్లా ఫలానా సీటే కావాలంటేనే.

మా ఆవిడ బ్యాంకులో పని చేస్తుంది. ఏ కాగితం మీదైనా చివరి గీత ముందు చదివే రకం. "ఏమండీ, ఈ డబ్బుకి మనకి వచ్చేదేంటో ఒక్కొక్కటీ చెప్పండి" అంది.

ప్రయారిటీ చెక్ఇన్ అంటే కౌంటర్ దగ్గర వేరే లైను. పెట్టెలు వేసేటప్పుడు ఓ ఇరవై నిమిషాలు మిగులుతుందేమో. ఆ ఇరవై నిమిషాలు నెల్లూరులో ఓ అరగంట ముందు లేస్తే ఊరికే వస్తాయి. మద్రాసు శివార్లలో రెడ్‌హిల్స్ దగ్గర లారీల వెనక ఇరుక్కుంటే పోయేది గంట, దానికి ఏ ప్రయారిటీ పని చెయ్యదు. కాబట్టి అది కొట్టేశాం.

పాపకి సీటు కొనాలా? అక్కర్లేదు. పన్నెండేళ్ళలోపు పిల్లల్ని అదే పీఎన్ఆర్ మీదున్న అమ్మానాన్నల్లో కనీసం ఒకరి పక్కన కూర్చోబెట్టాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో విమాన సంస్థలకి చెప్పింది. స్కిప్ నొక్కినా పాప నా పక్కకే రావాలి. వేరువేరుగా బుక్ చేసుంటే మాత్రం ఈ ధీమా ఉండేది కాదు.

ఇక మిగిలింది అమ్మ. ఊరికే వచ్చేవి ఎక్కువగా మధ్య సీట్లూ, వెనక సీట్లూ. మోకాళ్ళు నొప్పులున్న మనిషి మధ్య సీట్లో ఇరుక్కుంటే బాత్రూముకి లేవాలన్నా ఒకర్ని లేపాలి. కాళ్ళు చాపుకోవడానికి ఎమర్జెన్సీ తలుపు పక్క వరస బాగుంటుంది కదా అన్నాను గానీ, అది వీల్‌చెయిర్ అడిగినవాళ్ళకి ఇవ్వరు. అక్కడ కూర్చున్నవాళ్ళు అవసరమైతే తలుపు తియ్యగలగాలి. మొదటి వరసకి రేటు ఎక్కువ, పైగా కాళ్ళ దగ్గర సంచీ పెట్టుకోనివ్వరు. అమ్మ మందుల సంచీ ఒళ్ళోంచి దించదు.

అంతవరకూ పక్కన కూర్చుని జపమాల తిప్పుతున్న అమ్మ అప్పుడు నోరు తెరిచింది. "నాకొక్కదానికే కొంటే ఎట్టా నాయనా? పక్కన ఎవురో మొగోళ్ళు కూర్చుంటే నేను మాట్టాడేదెవురితో?"

సరే, నాలుగో వరసలో నడవ పక్క సీటు అమ్మకీ, దాని పక్క మధ్య సీటు మా ఆవిడకీ కొన్నాం. నాకూ పాపకీ స్కిప్. ఇరవై నాలుగో వరసలో పక్కపక్కనే వచ్చాయి.

ఆ రాత్రే డల్లాస్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. ఈ గొడవంతా విని నవ్వాడు. వాళ్ళ దగ్గర సౌత్‌వెస్ట్ అనే విమాన సంస్థలో నిన్నమొన్నటి దాకా సీటు నంబర్లే లేవట. ముందు ఎక్కినవాడికి నచ్చిన సీటు, మన పల్లెవెలుగు బస్సులాగా. అందుకని ముందు ఎక్కడానికి పోటీ. 24 గంటల ముందు చెక్ఇన్ తెరుచుకుంటే, అలారం పెట్టుకుని మరీ ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆ బాధ పడలేనివాళ్ళు 'ఎర్లీబర్డ్' అని అదనంగా కడితే, 36 గంటల ముందే వాళ్ళ చెక్ఇన్ దానంతటదే అయిపోయేది. లైన్లో ఏ, బీ, సీ అని గుంపులు, గుంపులో ఒకటి నుంచి అరవై దాకా నంబర్లు. "డబ్బు కట్టినా ఏ గుంపు వస్తుందని గ్యారంటీ లేదన్నా, మనకంటే ముందు కట్టినోళ్ళుంటారు గదా" అన్నాడు. 2026 జనవరి 27 నుంచి అక్కడా సీటు నంబర్లొచ్చి ఆ పద్ధతి పోయింది. ఆ లెక్కన మనదే నయం అనిపించింది. కట్టిన డబ్బుకి కనీసం ఫలానా సీటని కనిపిస్తుంది.

విమానం పది దాటాక. తెల్లవారుజామున నాలుగింటికే వేదాయపాళెం నుంచి బయల్దేరాం. వెంకటాచలం టోల్‌గేటు దాటేసరికి పాప నిద్రపోయింది. మనుబోలు, గూడూరు, నాయుడుపేట చీకట్లోనే వెళ్ళిపోయాయి. సూళ్ళూరుపేట దగ్గర ఆగేసరికి తూరుపు తెల్లబారుతోంది. రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ. ఆవిరి పళ్ళెం మూత తియ్యగానే బండామె కళ్ళజోడు మసకబారింది. దాన్ని కొంగుతో తుడుచుకుంటూనే, రెండో చేత్తో తడిగుడ్డ లాగి నాలుగేసి ఇడ్లీలు వేసింది. పులికాట్ వైపు నుంచి చల్లగాలి. ఈ రోజుల్లో శ్రీహరికోట రోడ్డులో కాస్త దూరం పోతే రాజహంసలు కనిపిస్తాయి, పాపకి చూపించాలని ఉంది గానీ టైము చాలదు. అమ్మ మాత్రం స్నానం కాకుండా తినడం ఏంటని టీ తాగి ఊరుకుంది. ఆమె దృష్టిలో కాశీయాత్ర అప్పటికే మొదలైపోయింది. "కాశీకి పోయినోడూ కాటికి పోయినోడూ ఒకటే అనేవాళ్ళు మా అబ్బ కాలంలో. ఇప్పుడు మధ్యాన్నం అన్నం వేళకి పోతన్నాం" అంది.

తడ దాటాక తమిళనాడు. అనుకున్నట్టే రెడ్‌హిల్స్ దగ్గర బండ్లన్నీ నిలబడిపోయాయి. అక్కడ ముప్పావుగంట పోయింది. టెన్షన్ పడే పని లేకపోయింది, ముందే లేచాం కాబట్టి. దేశంలోపల తిరిగే విమానాలకి పెట్టెలు వేసే కౌంటర్ గంట ముందు మూసేస్తారు. ఇంట్లో కూర్చుని వెబ్ చెక్ఇన్ చేసినంత మాత్రాన పెట్టెలున్నవాళ్ళకి ఆ గడువు మారదు. ఇది చాలామందికి ఎక్కదు. బోర్డింగ్ పాస్ ఫోన్లో ఉంది గదాని నింపాదిగా వచ్చి, కౌంటర్ దగ్గర బతిమాలుకునేవాళ్ళని అక్కడ రోజూ చూడొచ్చు.

ముందే చెక్ఇన్ చేసుకోవడం ఒకందుకు మాత్రం పనికొచ్చింది. బోర్డింగ్ పాస్‌ని ఫోన్లో డిజియాత్ర యాప్‌లో ఎక్కించి ఉంచాను, గేటు దగ్గర ముఖం చూపిస్తే తెరుచుకుంది. పెట్టెలు తూకం వేశారు. మనిషికి 15 కిలోలు. ఒక పెట్టె నిండా అమ్మ పెట్టిన బియ్యం, కందిపొడి, చింతపండు. కాశీలో బియ్యం దొరకవా అంటే, "దొరుకుతాయి, మన సన్నాలు దొరకవు" అంది. నెల్లూరు మనిషితో బియ్యం గురించి వాదించకూడదు.

వీల్‌చెయిర్ తోసే కుర్రాడు అమ్మని అందరికంటే ముందు విమానంలోకి తీసుకెళ్ళాడు, తోడుగా మా ఆవిడ. నేనూ పాపా మా గుంపు పిలిచాక ఎక్కి వెనక్కి పోయాం. మేం సర్దుకుని కూర్చునేసరికి మా ఆవిడ నడవలో మా వైపే వస్తోంది, చేతిలో హ్యాండ్‌బ్యాగు. వచ్చి మాకు రెండు వరసల ముందు మధ్య సీట్లో కూర్చుంది. వెనక్కి తిరిగి నావైపు చూసిన చూపు సంగతి రాయను.

జరిగిందేంటంటే, నాలుగో వరస కిటికీ పక్కన కనిగిరి నుంచి వచ్చిన కొత్త పెళ్ళికూతురు. మొదటిసారి విమానం ఎక్కుతోందని మొగుడు ఆ అమ్మాయికి కిటికీ సీటు కొనిచ్చాడు. తనకి మాత్రం ఊరికే వచ్చిందే చాలనుకున్నాడు, పక్కది ఖాళీగా ఉంటే మారొచ్చులే అని. అతనికి వచ్చింది ఇరవై రెండో వరస. అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. మాట కలిపి, పుట్టిల్లు పొదిలి అనీ, పెళ్ళయి ఇంకా నెల నిండలేదనీ తెలుసుకున్న అమ్మ మా ఆవిడ వైపు తిరిగి అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది. "అమ్మాయ్, నువ్వు లేచి ఎనక్కి పో. ఆ పిల్లోడు ఇక్కడ కూర్చుంటాడు."

మూడు వందల యాభై పెట్టి కొన్న సీటు అలా కనిగిరివాళ్ళకి కట్నంగా పోయింది. మా ఆవిడ అడిగిన 'వచ్చేదేంటి' లెక్కలో ఈ పద్దు లేదు. అమ్మ మాట్లాడేందుకు తోడు కావాలంది, ఆ ముచ్చట మాత్రం రెండింతలు తీరింది. రెండున్నర గంటలూ ఆ ఇద్దరితో ఏం మాట్లాడిందో గానీ, దిగేలోపు వాళ్ళ నిశ్చితార్థం మొదలుకొని ఒడిబియ్యం దాకా అన్నీ ఆమెకి తెలుసు.

కాశీ విమానాశ్రయం బాబత్‌పూర్‌లో దిగాక ఇంకో సంగతి తెలిసింది. వీల్‌చెయిర్ వాళ్ళు అందరికంటే ముందు ఎక్కుతారు, అందరికంటే చివర దిగుతారు. నాలుగో వరసలో అమ్మ కూర్చునే ఉంది, ఇరవై నాలుగో వరస నుంచి మేం నడిచొచ్చి ఆమె దగ్గర ఆగాం. ముందు సీటు వల్ల త్వరగా దిగుతామన్న లెక్క, మాలాంటివాళ్ళకి పని చెయ్యదు. పెట్టెలు కూడా వాటి ఇష్టం వచ్చినప్పుడే వచ్చాయి. అయితే నడవ పక్క సీటు వృథా కాలేదు. దారిలో రెండుసార్లు లేచింది, ఎవర్నీ లేపక్కర్లేకపోయింది. నాకు నిజంగా అవసరం అనిపించింది ఆ ఒక్క సీటే.

కాశీలో మానససరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమం పక్క సందులో దిగాం. పొద్దున్నే మంచులో మెట్లు దిగడం అమ్మకి కష్టమే అయింది, పడవాడు చెయ్యిచ్చి దింపాడు. మూడు మునకలేసింది. విశ్వనాథుడి దగ్గర క్యూ, అన్నపూర్ణమ్మ దర్శనం, సందుల్లో ఎద్దులు, ఇవన్నీ వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ చెప్పేవే.

తిరుగు ప్రయాణానికి చెక్ఇన్ తెరుచుకున్న సాయంత్రం గదిలో ఫోన్ తీశాను. ఈసారి లెక్క తేలికే, అమ్మకొక్కదానికే నడవ పక్క సీటు అనుకుంటూ వేలు పెట్టబోయాను.

"నాకు ఆ పిల్ల కూర్చుండే అట్టాంటిది కొను, కిటికీ పక్కది" అంది అమ్మ.

"మోకాళ్ళమ్మా, లేవాలంటే కష్టం. మధ్యలోవాళ్ళని లేపాలి."

"లేవను. ఎక్కేముందే పోయొస్తాలే. ఆ పిల్ల గంగ కనపడతందని చూపిస్తావుంటే మెడ సాచి సాచి నొప్పెట్టింది నాకు."

మా ఆవిడ పక్క సీటు కొనద్దని ముందే చెప్పేసింది. అమ్మ కిటికీకి 450 కట్టి, మిగతా ముగ్గురికీ స్కిప్ నొక్కాను.