యోకోహామాలో పట్టుదారం వెంట ఒక రోజు

మా నాన్న ఉద్యోగమంతా పట్టుచీరల కొట్టులోనే గడిచింది. ఇప్పటికీ ఎవరైనా పట్టుబట్ట కట్టుకుని కనిపిస్తే ముందు అంచు చూస్తారు, తర్వాతే మొహం. అందుకే జపాన్ రేవు పట్నం యోకోహామాలో జెయింట్ వీల్, మెరిసే మేడలు ఉన్న మినాతోమిరాయ్ వైపు కాకుండా నిహోన్ ఓడోరి స్టేషన్‌లో దిగి నేరుగా సిల్క్ మ్యూజియంకి తీసుకెళ్ళాను.

1859లో ఈ రేవు విదేశీ వర్తకానికి తెరుచుకుంది. గున్మా, నగానో ప్రాంతాల పట్టుదారం ఇక్కడికొచ్చి ఓడలెక్కేది. చేపలు పట్టుకునే పల్లె మహానగరం అయిందంటే చాలావరకు ఆ దారం చలవే. పట్టుకాయల నుంచి దారం తీసే పాత సాధనాలు ఒక్కొక్కదాని దగ్గరా నాన్న ఆగిపోయారు. "ఒక్క కాయలో కిలోమీటరు పైనే దారం ఉంటుందమ్మా, ఎక్కడా తెగకుండా లాగాలి" అని చెబుతుంటే ఆయన చేతివేళ్ళు గాల్లోనే దారం తీస్తున్నాయి. పైఅంతస్తులో ఒక కిమోనో ముందు చాలాసేపు నిలబడ్డారు. "అంచూ లేదు, కొంగూ లేదు. భుజం నుంచి పాదం దాకా మొత్తం ఒకటే బొమ్మ. ఇది వేరే లెక్క" అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద మెచ్చుకోలు నేను వినలేదు.

అక్కడికి దగ్గరే యమషితా పార్కు. సముద్రం ఒడ్డున గులాబీ మొక్కలు, బెంచీలు, పిల్లలు. ఈ నేల సహజమైనది కాదు. 1923 సెప్టెంబరు 1న వచ్చిన మహా భూకంపంలో ఊరు కూలి కాలిపోతే, ఆ శిథిలాలను సముద్రంలో పోసి పూడ్చి 1930లో పార్కు తెరిచారు. ఒక మూలన గుమ్మటంతో చిన్న మంటపం ఉంది. తలెత్తి చూస్తే లోకప్పు నిండా రంగురంగుల మొజాయిక్. అది భారతీయ వర్తకులు కట్టించి ఇచ్చిన నీటి మంటపం. భూకంపంలో వాళ్ళూ సర్వం పోగొట్టుకున్నారు, మిగిలినవాళ్ళలో చాలామంది జపాన్‌లోనే మరో రేవు పట్నమైన కోబే వెళ్ళిపోయారు. యోకోహామా వాళ్ళు ఇళ్ళు, కొట్లు ఏర్పాటు చేసి వెనక్కి పిలిపించుకున్నారు. ఆ కృతజ్ఞతతో వర్తకులు 1939లో దీన్ని ఊరికి కానుకగా ఇచ్చారు. సర్వనాశనమైన ఊరు తన కడుపు మాడుతున్నప్పుడు పరాయి దేశపు వ్యాపారుల కోసం కొట్లు వేయించిందంటే, వర్తకంలో నమ్మకానికి ఎంత విలువిచ్చి ఉండాలి! నాన్నకి ఈ సంగతి చెప్పాక మంటపం చుట్టూ మళ్ళీ తిరిగొచ్చారు.

పక్కనే లంగరు వేసి ఉన్న హికవామారు ఓడ ఎక్కాం. 1930లో అమెరికాలోని సియాటిల్‌కి ప్రయాణాలు మొదలుపెట్టిన ఈ ఓడలో పట్టు దాచడానికే ప్రత్యేకమైన గది ఉండేదట. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి ఓడగా పనిచేసింది. మొదటి తరగతి భోజనశాల కన్నా నాకు అడుగున ఉన్న ఇంజన్ గదే నచ్చింది.

చైనాటౌన్ జనసమ్మర్దంలో ఎక్కువసేపు ఉండలేకపోయాం. నువ్వులద్దిన ఉండలు తిని బస్సెక్కి సాంకేయెన్ తోటకి వెళ్ళాం. పట్టు వ్యాపారి హరా తోమితారో తన తోటను 1906లోనే అందరికీ తెరిచి ఉంచాడు. చెరువుకు అవతల గుట్టమీద మూడంతస్తుల పగోడా (బౌద్ధ గోపురం) 1457 నాటిది, క్యోటో ప్రాంతం నుంచి విప్పి తెచ్చి 1914లో ఇక్కడ నిలబెట్టారు. భూకంపం తర్వాత ఊరిని నిలబెట్టే పనికి ముందు నడిచింది కూడా ఈయనే. 1916లో రవీంద్రనాథ్ ఠాగూర్ జపాన్ వచ్చినప్పుడు ఈ తోటలోనే బస చేశారు. పట్టు డబ్బు ఇలా ఖర్చవడం నాన్నకి బాగా నచ్చింది.

మీరు వెళ్తే సోమవారం మాత్రం వద్దు, సిల్క్ మ్యూజియం, హికవామారు రెండూ మూసి ఉంటాయి. సాంకేయెన్‌కి కనీసం రెండు గంటలు ఉంచుకోండి. దారులన్నీ ఎత్తుపల్లాలు, పెద్దవాళ్ళతో నెమ్మదిగా నడవాలి.