మిర్చి రోజుల్లో మా గుడి

ఫిబ్రవరి 8, 2026, ఆదివారం

క్రిస్మస్ నాడు షామియానా వేసినా చోటు చాలని మా గుడిలో ఈ రోజు సగం బెంచీలు ఖాళీ. ఆడవాళ్ళ వైపైతే మరీ పలచగా ఉంది. కారణం అందరికీ తెలిసిందే, మిర్చి ఏరుడు మొదలైంది. జనవరి నుంచి మార్చి దాకా మా మహబూబాబాద్, ఖమ్మం వైపు ఊళ్ళలో తెల్లారకముందే ఆటోల నిండా ఆడవాళ్ళు తోటలకు బయల్దేరతారు. పండిన కాయ ఆదివారమని చెట్టు మీద ఆగదు. రంగు తగ్గితే తాలు కింద లెక్కేస్తారు, ధర పడిపోతుంది, కాబట్టి రైతు తొందర రైతుది. కూలి గట్టిగా దొరికే రోజులు కూడా ఇవే. పిల్లల ఫీజులు, వడ్డీలు, చీటీ డబ్బులు, అన్నీ ఈ రెండు మూడు నెలల రెక్కల కష్టం మీదే తీరాలి.

ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన బయట చెట్టు కింద నిలబడి, "క్రిస్మస్ అయిపోయింది, సంఘం చల్లబడింది" అన్నారు. ఆయన మంచి మనిషే. కానీ ఆ మాట పొద్దంతా నా మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. చల్లబడింది ఎవరు? పొద్దున నాలుగున్నరకి లేచి, అన్నం వండి, టిఫిన్ డబ్బా కట్టుకుని, ఆటోలో ఇరుక్కుని కూర్చుని కూడా నాకు ఫోన్ చేసి "వదినా, మా కోసం ప్రార్థన చెయ్యి, కానుక కవరు నీ చేతికి పంపుతున్న" అన్న మా ఆడబిడ్డా?

క్రిస్మస్‌కీ లెంట్‌కీ మధ్య ఉన్న ఈ వారాలను చాలామంది ఏమీ లేని రోజులుగా చూస్తారు. లెంట్ అంటే ఈస్టర్‌కి ముందు వచ్చే మా ఉపవాసాల శ్రమకాలం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధన, వాగ్దాన కార్డులు, జనవరి మొదటి ఆదివారం నిబంధన ఆరాధన దాకా ఒక ఊపు ఉంటుంది. తర్వాత సంక్రాంతి. నెలాఖరున కోత పండుగ. ఇక లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం వచ్చేదాకా గుడిలో విశేషం ఏమీ ఉండదని అనుకుంటారు. ఈసారి ఈ మధ్య కాలం చిన్నది కూడా. పోయినేడు భస్మ బుధవారం మార్చి 5న వచ్చింది, ఈ ఏడు ఫిబ్రవరి 18కే వచ్చేస్తోంది. ఈస్టర్ ఏప్రిల్ 5. అంటే మిర్చి ఏరుడు జోరుగా ఉన్నప్పుడే శ్రమకాలం మొదలవుతుంది. నా ఆలోచనంతా ఇక్కడే తిరుగుతోంది.

పొద్దున గుడిలో ఆరాధన బల్ల సర్దడం నా వంతు. ఎపిఫనీకి, అంటే జ్ఞానుల పండుగకి, వేసిన తెల్ల గుడ్డ తీసి చాలా రోజులైంది, ఇప్పుడు ఆకుపచ్చది నడుస్తోంది. ఆ తెల్ల గుడ్డ మీద క్రిస్మస్ రాత్రి కొవ్వొత్తుల ఆరాధనలో పడిన మైనం మరకలు అలాగే ఉండిపోయాయి. నిన్న రాత్రి ఇంట్లో కూర్చుని అవే తీశాను. గోటితో గీకితే దారాలు లేస్తాయి. పైనా కిందా ఉత్త తెల్ల కాగితం పెట్టి, ఇస్త్రీ పెట్టె సన్నని వేడి మీద మెల్లగా ఆనిస్తే మైనం కరిగి కాగితంలోకి ఎక్కుతుంది. కాగితం మీద నూనె చుక్కల్లాంటి గుండ్రాలు వస్తాయి. మళ్ళీ కొత్త కాగితం, మళ్ళీ వేడి. ఒక మూల అంచు మీద మరకలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. అక్కడే కదా ఆ రాత్రి సండే స్కూలు పిల్లలు వరసలో నిలబడింది. చేతులు వణుకుతూ కొవ్వొత్తి వంచినవాళ్ళ మొహాలు గుర్తొచ్చి, ఆ పని విసుగనిపించలేదు. లెంట్‌కి వేసే ఊదా గుడ్డ కూడా పెట్టెలోంచి తీసి ఎండకు వేయాలి. ఏడాదంతా మడతలో ఉండి కలరా ఉండల వాసన పట్టింది.

ఈ రోజు ఆరాధనలో ఒక విషయం జరిగింది. రెండో పాట దగ్గర తలుపు పక్కన ఒక కుటుంబం వచ్చి నిలబడింది. ఛత్తీస్‌గఢ్ నుంచి మిర్చి పనికి వచ్చినవాళ్ళు. మా ఊరి అంచున తోటల గట్ల మీద టార్పాలిన్లు కట్టుకుని ఉంటారు. ఆమె చీర కొంగు తల మీదికి లాక్కుని, చంకలో పాపతో, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక అటూ ఇటూ చూస్తోంది. వెనక బెంచీ అక్క లేచి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. వాళ్ళకు తెలుగు రాదు. మా యూత్ పిల్లాడు ఒకడు ఫోన్‌లో హిందీ బైబిల్ తెరిచి, తెలుగులో సువార్త పాఠం చదివాక అదే పాఠం హిందీలో చదువుతానని పాస్టరు గారిని అడిగాడు. ఆయన వెంటనే సరేనన్నారు. పిల్లాడికి హిందీ అంత బాగా రాదు, ఆగి ఆగి చదివాడు. అయినా ఆ కుటుంబంలోని మగమనిషి రెండు చేతులూ కట్టుకుని తల వంచి విన్నాడు. ప్రభువు నేర్పిన ప్రార్థన దగ్గర మేమందరం తెలుగులో చెబుతుంటే ఆమె పెదవులు వాళ్ళ మాటల్లో కదిలాయి. ముగింపు కూడా మాతోనే కలిసింది.

తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల పండుగను నెల కిందటే జరుపుకున్నాం. నాటకంలో మా పిల్లలు మెరిసే కాగితం కిరీటాలు పెట్టుకుని నడిచి వచ్చారు. దూరం నుంచి నిజంగా నడిచి వచ్చినవాళ్ళు ఈ రోజు తలుపు దగ్గర నిలబడ్డారు. ఇంకా ఎపిఫనీ కాలంలోనే ఉన్నాం కాబట్టి, గుడికి ఇంతకంటే విశేషం ఏం కావాలి?

మా డోర్నకల్ డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) వాళ్ళకి ఈ కాలం మీద ఒక ప్రత్యేకమైన మమకారం ఉండాలని నా నమ్మకం. డోర్నకల్ కెథీడ్రల్ పేరే ఎపిఫనీ కెథీడ్రల్. 1939 జనవరి 6న, సరిగ్గా ఆ పండుగ నాడే దాన్ని ప్రతిష్ఠించారు. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, లోపల స్తంభాలు చూస్తే గుడి మండపంలో ఉన్నట్టుంటుంది. ఈ నేల మీద కట్టేది ఈ నేలలాగే కనబడాలని బిషప్ అజరయ్య గారి పట్టుదల. ఆయన తిరునల్వేలి నుంచి వచ్చిన తమిళుడు. తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీదా సైకిల్ మీదా ఊరూరూ తిరిగారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూశారు. బిషప్ అయిన రోజు, కెథీడ్రల్ ప్రతిష్ఠ, మరణం, మూడూ క్రిస్మస్‌కీ ఎపిఫనీకీ మధ్యే పడ్డాయి. నాకు ఈ తేదీలు చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన కట్టిన సంఘాల్లో ఎక్కువమంది కూలి చేసుకునే పేదవాళ్ళే. ఇవ్వడానికి ఏమీ లేదనుకునేవాళ్ళకి, మీ దగ్గర కూడా ఇవ్వగలిగింది ఉంది అని నేర్పిన మనిషి ఆయన. వండే ముందు కానుకగా తీసిపెట్టే పిడికెడు బియ్యం, కోత పండుగ, ఇవన్నీ మాకు ఆ కాలం నుంచే వచ్చాయి.

పోయిన నెల కోత పండుగలో ఒక గుమ్మడికాయను వేలంలో పాడినవాళ్ళు మళ్ళీ బల్ల మీదే పెట్టేస్తూ ఉంటే అది చేతులు మారుతూనే ఉంది. కాయ ఒకటే, కానుక ఎన్నిసార్లో. చివరికి అది సండే స్కూలు పిల్లల సాంబారులోకి వెళ్ళింది. పక్క వీధి వాళ్ళంతా ఆ వారమే మేడారం బయల్దేరే హడావుడిలో ఉన్నారు. వెళ్తూ వెళ్తూ వాళ్ళ పెరడు తాళం చెవి, కోళ్ళకు గింజలు వేసే పని మాకు అప్పగించి పోయారు. మేం క్రిస్మస్‌కి ఊరెళ్తే వాళ్ళ చేతికి ఇస్తాం కదా, అలాగే.

మధ్యాహ్నం పాస్టరు గారు, నేను, స్త్రీల మైత్రి (మా గుడి ఆడవాళ్ళ సంఘం) నుంచి ఇంకో అక్క కలిసి మంచం పట్టిన ఒక పెద్దమ్మకు ఇంటి దగ్గర ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఇవ్వడానికి వెళ్ళాం. ఒకప్పుడు మిర్చి ముఠాకి ముందు నడిచిన మనిషి, మేస్త్రమ్మ అనే పిలుస్తారు ఇప్పటికీ. కోడలు తోటకు పోయింది, మనవరాలు తలుపు తీసింది. ప్రార్థన అయ్యాక పెద్దమ్మ గోడ గూటి వైపు చెయ్యి చూపించింది. అక్కడ ఒక పాత పాలపొడి డబ్బా, అందులో బియ్యం. పిడికెడు బియ్యం డబ్బా. ప్రతి పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు కోడలు ఆ గిన్నె ఈమె దగ్గరికే తెస్తుందట. ఈమె వేళ్ళు ఇప్పుడు ముడుచుకోవు, పిడికిలి బిగియదు. అందుకని చిన్న టీ గ్లాసు ఒకటి పెట్టుకుంది. గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టి, గిన్నెలో ముంచి, డబ్బాలో వంపుతుంది. గ్లాసు సగం కంటే ఎక్కువ నింపితే మనవరాలు "చాలు జేజీ" అంటుందట. "మనది పిడికెడు కాదు బిడ్డా, గ్లాసెడు" అని పెద్దమ్మ నా వైపు చూసి నవ్వింది.

నిజం చెప్పాలంటే ఆ బియ్యం తిరిగి ఇలాంటి ఇళ్ళకే వెళ్తుంది. పని చేయలేని ముసలివాళ్ళకు, బాలింతలకు, ఈ ఏడు టార్పాలిన్ గుడిసెల వాళ్ళకు కూడా ఇద్దామని ఈ రోజే అనుకున్నాం. అంటే ఆమె ఇచ్చేదీ తీసుకునేదీ ఒక డబ్బాలోంచే. అయినా ఇవ్వడం మానదు. ఆ డబ్బా చూశాక, సంఘం చల్లబడిందన్న మాటకి నా దగ్గర జవాబు సిద్ధమైంది.

సాయంత్రం కమిటీ కూర్చుంది, లెంట్ కూడికల సంగతి తేల్చాలి. ఎప్పటిలాగే శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి గుడిలో ఉపవాస ప్రార్థన పెడదామన్నారు కొందరు. ఆ సమయానికి గుడికి ఎవరు రాగలరు? నాలాంటి ఉద్యోగస్తులు సెలవు పెట్టుకుని, ఇంట్లో ఉండేవాళ్ళు తీరిక చేసుకుని వస్తారు. మిర్చి చేలో ఉన్నవాళ్ళు రారు. నేను లేచి మా నాయనమ్మ మాట చెప్పాను. వాళ్ళ చిన్నప్పుడు మా పల్లెల్లో రోజూ ప్రార్థన రాత్రి పూటే. పొలాల నుంచి అందరూ వచ్చి, కాళ్ళు కడుక్కుని, పొయ్యి మీద అన్నం దించాక ఉపదేశి (పల్లెలో వాక్యం చెప్పే సంఘ సేవకుడు) గంట కొట్టేవాడు. లాంతరు వెలుగులో ఒక పాట, ఒక వాక్యం, ప్రార్థన, అంతే. చదువు రాని మా నాయనమ్మకు కీర్తనలు కంఠతా వచ్చింది అలాగే. పగటి మూడు గంటలన్నది మధ్యలో వచ్చిన అలవాటు. రాత్రి ప్రార్థన మన పాత పద్ధతే, కొత్తగా అడిగేది కాదు అన్నాను.

ఉపవాసం అన్నాక ఎండలో ఆకలితో ఉండి ప్రార్థించాలి కదా అని ఒకరు అన్నారు. ఆ అక్కలు పొద్దంతా వంగి ఎండలోనే ఉంటారు, చేతులు మంటపుట్టి రాత్రి మజ్జిగలో ముంచుకుంటారు, వాళ్ళకి మనం ఎండ గురించి చెప్పనవసరం లేదు అని పాస్టరమ్మ గారు మెల్లగా అన్నారు. ఆ మాట తర్వాత చర్చ సాగలేదు. పొద్దున చెట్టు కింద మాట్లాడిన పెద్దాయనే, "అట్లనే పెట్టండి, నేను మా ఇంటి నుంచి బల్బు వైరు తెస్త" అన్నారు. ఆయన మీద నాకున్న గౌరవం ఇంకా పెరిగింది.

భస్మ బుధవారం ఆరాధన మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకి, ఆటోలు కదలక ముందే. మా గుడిలో నుదుట బూడిద పెట్టే ఆచారం లేదు, ఆర్‌సీఎం వాళ్ళకి (రోమన్ కాథలిక్కులకి) ఉంది. పోయినేటి మట్టలాదివారం మట్టలు కాల్చి ఆ బూడిద చేస్తారు. జనవరిలో ఐక్యతా ప్రార్థన వారంలో కలిసినప్పుడు వాళ్ళ ఫాదర్ గారు మమ్మల్ని కూడా రమ్మన్నారు, ఇష్టమున్నవాళ్ళు సాయంత్రం వెళ్ళొచ్చని పాస్టరు గారు అన్నారు. నేను వెళ్తాను.

వచ్చే ఆదివారం 15న శివరాత్రి. ఎదురింటి వదిన ఉపవాసం, జాగారం. ఆ వెంటనే బుధవారం మాది మొదలు. నెలవంక కనబడేదాన్ని బట్టి రంజాన్ కూడా ఆ వారంలోనే, మా స్కూల్లో సైన్సు టీచరమ్మ అప్పుడే సహరీకి లేచే లెక్కలు వేసుకుంటోంది. స్టాఫ్ రూమ్‌లో ఆ వారం టీ ఫ్లాస్కు ఎవరూ ముట్టరేమో. ఒకే వారంలో మూడిళ్ళ వాళ్ళం దేవుడి కోసం కడుపు మాడ్చుకుంటామన్న సంగతి నాకు చాలా సంతోషంగా ఉంది.

కూడికల పట్టిక రాసి గుడి వాట్సాప్‌లో పెట్టాను. మొదటిది ఫిబ్రవరి 20 శుక్రవారం రాత్రి 8 గంటలకు మేస్త్రమ్మ ఇంట్లో, ఆమె మంచం పక్కనే. చాపలు మా ఇంటి నుంచి, పాటల పుస్తకాలు యూత్ వాళ్ళు తెస్తారు. హిందీలో పాఠం చదివే పిల్లాడు ఈసారి ముందే సాధన చేసుకుంటానన్నాడు. టార్పాలిన్ గుడిసెల వాళ్ళకి కబురు చెప్పే పని నేను తీసుకున్నాను. రేపు బడి అయ్యాక అటే వెళ్ళి, పాపకి స్వెట్టర్ కూడా ఇచ్చి రావాలి.