రోజుకు ఎనిమిది లీటర్లు: నా అనుభవం

ముందే చెప్తున్నా, నాకు షుగర్ లేదు. ఈ మాట ఎంతమందికి చెప్పానో లెక్కలేదు, ఎందుకంటే "మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్తున్నా, దాహం ఆగట్లేదు" అనగానే ఎవరైనా అడిగేది అదే. ఫాస్టింగ్ నార్మల్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 5.3. ఆ తర్వాత ఎవరి వైద్యం వాళ్లది. వేడి చేసిందని అమ్మ మజ్జిగ తాగించింది, పక్కింటి పిన్నిగారు నువ్వులుండలు పంపించారు, మెడికల్ షాపాయన ఇన్ఫెక్షన్ అయ్యుంటుందని యాంటీబయాటిక్ చేతిలో పెట్టాడు. అందరూ కలిసి చెప్పింది మాత్రం ఒక్కటే, నీళ్లు తగ్గించమని. తగ్గిస్తే నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, తల దిమ్మెక్కింది, బాత్రూమ్ మాత్రం ఆగలేదు.

నాది ఖమ్మంలో అకౌంట్స్ ఉద్యోగం. రాత్రంతా లేస్తూనే ఉండటం, పొద్దున లెడ్జర్ ముందు కునికిపాట్లు. హైదరాబాద్ బస్సెక్కాలంటే టెన్షన్, సూర్యాపేటలో ఆపేదాకా ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చోవాలి. పైగా చలికాలంలో కూడా ఫ్రిజ్‌లో నీళ్లే కావాలనిపించేది, కుండ నీళ్లు తాగితే తాగినట్టే ఉండేది కాదు. నాకున్నది డయాబెటిస్ ఇన్సిపిడస్ అని తర్వాత తేలింది, ఈ జబ్బున్న చాలామందికి ఇలాగే ఉంటుందట.

దారి చూపించింది ఒక జూనియర్ డాక్టరమ్మ. "ఎన్నిసార్లు వెళ్తున్నారో సరేనండీ, ఒక్కోసారి ఎంత వస్తోంది?" అని అడిగింది. అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఒకటి కొని, తాగిన నీళ్లు ఒక పక్క, పోసింది ఇంకో పక్క టైమ్‌తో సహా రాసుకున్నా, లెక్కలు రాయడం మనకు అలవాటేగా. ప్రతిసారీ నాలుగైదు వందల ఎంఎల్. మాటిమాటికీ వెళ్లినా కొంచెం కొంచెమే వస్తుంటే మూత్రాశయం, ప్రోస్టేట్, ఇన్ఫెక్షన్ వైపు చూడాలి. వెళ్లినప్పుడల్లా నిండుగా వస్తూ రోజుకు 3 లీటర్లు దాటితే అది వేరే కథ. మామూలు మనిషికి ఒకటి, రెండు లీటర్లే.

24 గంటల మూత్రం పట్టాలన్నారు. పొద్దున లేవగానే వచ్చింది పారబోసి, అక్కడి నుంచి మర్నాడు పొద్దున మొదటిసారి వచ్చేదాకా ఒక్క బొట్టు వదలకుండా పట్టాలి. ల్యాబ్ వాళ్లిచ్చిన క్యాన్ చీకటి పడకముందే నిండిపోయింది, మిగతాది ఖాళీ వాటర్ బాటిళ్లలో పట్టి సంచిలో మోసుకెళ్లా. "అన్నా, ఇది ఒక్కరిదేనా?" అన్నాడు ల్యాబ్ కుర్రాడు. ఎనిమిది లీటర్ల పైచిలుకు. పాత ఫైలు తిరగేస్తే మొట్టమొదటి యూరిన్ రిపోర్టులోనే మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే స్పెసిఫిక్ గ్రావిటీ 1.003 అని ఉంది, అంటే దాదాపు నీళ్లే. పస్ సెల్స్ (చీము కణాలు) లేవు, షుగర్ లేదు, కాబట్టి నార్మల్ అని పక్కన పెట్టేశారు!

హైదరాబాద్‌లో ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) ముందు మందుల సంగతి అడిగారు. లిథియం వాడేవాళ్లకూ, బీపీకి నీటి మాత్రలు వేసుకునేవాళ్లకూ, కొన్ని రకాల షుగర్ మాత్రల వల్లా మూత్రం ఎక్కువ కావచ్చు. రక్తంలో కాల్షియం పెరిగినా, పొటాషియం తగ్గినా అంతే. నాకు అవేవీ లేవు, సోడియం మాత్రం 146, కాస్త ఎక్కువ.

తర్వాత నీళ్లు ఆపి చేసే టెస్టు. ఇది ఆస్పత్రిలోనే చేయాలి, ఇంట్లో మీరే ప్రయత్నించకండి, ప్రమాదం. పొద్దున్నుంచి చుక్క నీళ్లు లేవు. నేను బాత్రూమ్‌కి వెళ్తే ట్యాప్ దగ్గర తాగేస్తానేమోనని నర్సమ్మ గుమ్మంలోనే నిలబడేది. గంటకోసారి బరువు చూడటం, మూత్రం, రక్తం తీసుకోవడం. బరువు మరీ తగ్గినా, సోడియం పెరిగినా టెస్టు ఆపేస్తారు. మామూలుగా అయితే నీళ్లు లేనప్పుడు మూత్రం చిక్కబడి పచ్చగా రావాలి, నాది అలాగే తెల్లగా కారుతూనే ఉంది. మధ్యాహ్నం పక్క బెడ్ ఆయనకు కొబ్బరిబోండాం కొట్టారు, ఆ చప్పుడు ఇంకా మర్చిపోలేదు. చివర్లో, నీళ్లు వెనక్కి లాగమని కిడ్నీలకు చెప్పే డెస్మోప్రెసిన్ అనే మందు ఇంజెక్షన్ ఇచ్చారు. రెండు గంటల్లో మూత్రం పసుపు రంగులోకి తిరిగింది, చిక్కదనం రెట్టింపు దాటింది. మూత్రం పచ్చగా వచ్చిందని అంత సంబరపడ్డవాణ్ణి ఆ వార్డులో నేనొక్కణ్ణే అయ్యుంటా.

ఆ ఇంజెక్షన్ పనిచేసిందంటే కిడ్నీలు బాగానే ఉన్నట్టు. అవి రోజుకు దాదాపు 180 లీటర్లు వడగట్టి, అందులో దాదాపు అంతా మళ్లీ రక్తంలోకి పంపిస్తాయి. చివర్లో నీళ్లు వెనక్కి లాగమని చెప్పే వాసోప్రెసిన్ హార్మోన్ మెదడు నుంచి రావాలి, నాకు అది సరిపడా రావట్లేదు, డెస్మోప్రెసిన్ దాని బదులు పనిచేసే మందు. డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు, షుగర్ జబ్బుతో గందరగోళం అవుతోందని 2022లో కొత్త పేరు పెట్టారుగానీ మన దగ్గర ఇంకా పాతదే నడుస్తోంది. ఎంఆర్ఐలో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వెనక భాగంలో కనపడాల్సిన తెల్ల చుక్క లేదు. గడ్డ కూడా లేదు, అది విన్నాకే మా ఆవిడ అన్నం తిన్నది.

రాత్రికి ఒక డెస్మోప్రెసిన్ మాత్రతో మొదలుపెట్టి, తర్వాత పొద్దున కూడా ఇచ్చారు. డోసు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, నాది చూసి మీరు వేసుకోకండి. డాక్టర్‌గారు గట్టిగా హెచ్చరించింది నీళ్ల గురించే. మాత్ర పనిచేస్తున్నప్పుడు పాత అలవాటుకొద్దీ బాటిళ్లు ఖాళీ చేస్తే నీళ్లు ఒంట్లోనే ఉండిపోయి సోడియం పడిపోతుంది. తలనొప్పి, వికారం, అయోమయం, ముదిరితే ఫిట్స్ కూడా రావచ్చు. దాహం వేస్తేనే తాగాలి, దప్పిక లేకుండా బాటిల్ ముట్టుకోకూడదు. అందుకే వారానికోసారి, నాకైతే ఆదివారం, పొద్దుటి మాత్ర ఆలస్యంగా వేసుకోమన్నారు, మూత్రం మళ్లీ ధారగా మొదలయ్యాకే. ఎక్కువైన నీళ్లేమైనా ఉంటే పోతాయని. కాబట్టి ఆదివారం పూట పెళ్లికి పిలిస్తే నేను భోజనాల టైముకే వస్తా.

ఉప్పు తగ్గిస్తే మూత్రం కూడా కొంత తగ్గుతుందన్నారు. ఆవకాయ విషయంలో నేనింకా బేరమాడుతూనే ఉన్నా.

పర్సులో ఒక కార్డు పెట్టుకున్నా. జబ్బు పేరు, మందు పేరు, "షుగర్ కాదు, ఈ మందు ఆపకూడదు, సోడియం చూడండి" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. స్పృహ లేనప్పుడు దాహం అని అడగలేం కదా. మాత్రలు మా ఊళ్లో అన్ని షాపుల్లో దొరకవు, రెండు స్ట్రిప్పులు ఎప్పుడూ ఎక్కువే ఉంచుకుంటా. కారణం ఇంకా తేలలేదు కాబట్టి సంక్రాంతి దాటాక మళ్లీ ఎంఆర్ఐ తీయించుకోమన్నారు.