వేట బంగళా, నీలం చాక్

ఇవాళ పికెట్ మీదుగా వెళ్తుంటే సికింద్రాబాద్ క్లబ్ గేటు చూడగానే పెదనాన్న గుర్తొచ్చాడు. ఆయన వేరే క్లబ్బులో బిలియర్డ్స్ మార్కర్, అంటే ఆటలో బంతులేరి స్కోరు చెప్పే మనిషి. రిటైరయ్యాక కూడా జేబులో ఆట కర్ర కొనకి రాసే నీలం చాక్ ముక్క ఉండేది, చొక్కాకి అంటుకుంటే పెద్దమ్మ గొడవ.

2022 జనవరి 16, ఆదివారం. సంక్రాంతి పిండివంటలింకా అయిపోలేదు, టీవీలో ఆ క్లబ్బు తగలబడిపోయి కనిపించింది. అరిసె చేతిలోనే పట్టుకుని, "అది సాలార్‌జంగ్ వేట బంగళా రా" అన్నాడు పెదనాన్న. నిజామేమో అనుకున్నాను నేను! కాదు, నిజాం దివాను, అంటే ప్రధానమంత్రి, మొదటి సాలార్‌జంగ్.

1878లో మొదలైనప్పుడు దాని పేరు 'పబ్లిక్ రూమ్స్' అట. పేరుకే పబ్లిక్, వచ్చేది కంటోన్మెంట్ తెల్లదొరలు! తర్వాత గ్యారిసన్ క్లబ్, జింఖానా క్లబ్, యునైటెడ్ సర్వీసెస్ క్లబ్ అంటూ పేర్లు మారుతూ వచ్చాయి. అది సైన్యం చేతిలో ఉండేదని ఆ పేర్లే చెప్తాయి.

నాకు మాత్రం దొరల కంటే మార్కర్ల మీదే ఆసక్తి. బంతులేరి, స్కోరు చెప్పి, దొర ఓడిపోయే రోజు నోరు మూసుకున్నవాళ్లు. వాళ్ల పేర్లు ఏ బోర్డు మీద రాశారు? పెదనాన్న ఆ రోజు అరిసె తినలేదు.