వానాకాలం చెన్నైలో పీజో ఫిల్ము చేశాను: నా అనుభవం

వంచితే, నొక్కితే కరెంటు పుట్టించే పలుచటి పొరే పీజో ఫిల్ము. గిండీ దగ్గర మా ల్యాబులో పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్‌తో నేను పోసిన మొదటి ఫిల్ము గాజు పలక మీద మీగడలా తెల్లగా తేలింది. అవతలి అక్షరాలు కనిపించేంత తేటగా రావాల్సింది. అక్టోబరు చివర, బయట ఎడతెరిపి లేని వాన. పీవీడీఎఫ్ పౌడరును పది శాతం లెక్కన డీఎంఎఫ్ అనే ద్రావకంలో వేసి, 60 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు కలిపి, బుడగలు పోయేదాకా ఆగి మరీ పోశాను. అయినా వరసగా మూడు పలకలు తెల్లబడ్డాయి. రివ్యూ దగ్గర పడుతోందని ఒకటే టెన్షన్.

మా సీనియర్ అక్కది ఒంగోలు. పలకను వెలుతురుకు పట్టి చూసి, "తమ్ముడూ, నీ కొలతలు బాగానే ఉన్నాయి. గాలిలో తేమ చూశావా?" అంది. డీఎంఎఫ్ తేమను లాగేసుకుంటుంది, పీవీడీఎఫ్‌కేమో నీళ్లు పడవు. ఆరేలోపు నీరు చేరితే ప్లాస్టిక్ విరిగిన పాలలా విడిపోయి, లోపలంతా సన్నటి రంధ్రాలతో గట్టిపడుతుంది. అలాంటి ఫిల్ముకు తర్వాతి దశలో ఎక్కువ వోల్టేజీ పెడితే ఆ రంధ్రాల దగ్గరే కాలిపోతుంది.

ఆ రోజు నుంచి పలకను ముందే వేడి చేసి, పోసిన వెంటనే 90 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో పెట్టాను. ఫిల్ము తేటగా వచ్చింది. (డీఎంఎఫ్ చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది, కాలేయానికి మంచిది కాదు. ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ లేకుండా ఎవరూ ఈ పని మొదలుపెట్టకండి.)

తేటగా వచ్చినంత మాత్రాన కరెంటు రాదు. అలా ఆరిన నా ఫిల్ములో అణువుల గొలుసులు ఎక్కువగా ఆల్ఫా అనే అమరికలో ఉన్నాయి. అందులో గొలుసుల ధ్రువాలు (ప్లస్, మైనస్ వైపులు) ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మనకు కావాల్సిన బీటా అమరికలో ఫ్లోరిన్లన్నీ ఒక వైపు, హైడ్రోజన్లన్నీ మరో వైపు ఉంటాయి. 1969లో జపాన్ శాస్త్రవేత్త కవాయ్ ఈ ప్లాస్టిక్‌లో బలమైన పీజో గుణం చూపించింది కూడా సాగదీసి, పోలింగ్ (ఎక్కువ వోల్టేజీ పెట్టి ధ్రువాలను ఒకే వైపు తిప్పడం) చేశాకే.

సాగదీస్తే ఆల్ఫా బీటాగా మారుతుంది. నాకు బాగా నచ్చిన ఘట్టం కూడా అదే. 80 డిగ్రీల దగ్గర మెల్లగా లాగుతుంటే కాసేపు ఏమీ కాదు. తర్వాత మధ్యలో ఒక చోట సన్నటి నడుము ఏర్పడుతుంది. ఆ నడుము ఫిల్ము పొడవునా పాకుతూ పోతుంది. తొందరపడితే తెగుతుంది. నాలుగు రెట్లు సాగాక, వంద మైక్రాన్ల మందమున్న ఫిల్ము ముప్పైకి దిగింది. ఏ అమరిక ఎంత ఉందో ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చూపే ఎఫ్‌టీఐఆర్ గ్రాఫులో 763 దగ్గరి ఆల్ఫా గీత కుంగి, 1275 దగ్గర బీటా గీత లేచింది. ఆ గ్రాఫు ఫోటో అమ్మకు కూడా పంపాను.

పోలింగ్‌కు మైక్రానుకు 60 వోల్టులు, అంటే 1800 వోల్టులు. సిలికోన్ నూనెలో ముంచి, 80 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, వోల్టేజీ తీయకుండానే చల్లార్చాలి. రెండు ముక్కలు టప్‌మని పేలి, సూది మొనంత నల్లటి రంధ్రాలు పడ్డాయి. వోల్టేజీ పెట్టడానికి ఫిల్ము మీద వేసే అల్యూమినియం పూతను అంచుదాకా వేయడం వల్ల ఇంకో ముక్క పక్కనుంచి స్పార్క్ అయింది. అంచు చుట్టూ ఖాళీ వదిలాక నిలిచింది.

వేలితో తట్టగానే, వోల్టేజీని గీతగా చూపే ఆసిలోస్కోపులో సిగ్నల్ లేచింది. అక్క మాత్రం పోలింగ్ చేయని ముక్కను కూడా తట్టమంది. దాంట్లోనూ వచ్చింది! అది గ్లౌజు రాపిడి వల్ల పుట్టిన ఛార్జి. చేయి తగలకుండా, ముక్కను ప్లాస్టిక్ పట్టీకి అతికించి వంచి చూస్తే, పోలింగ్ చేయనిది పడుకుంది, చేసినది లేచింది. వైర్లు తిప్పి పెడితే సిగ్నల్ కూడా తలకిందులైంది. అప్పుడే నమ్మాను.

రిచీ స్ట్రీట్‌లో కొన్న నాలుగు డయోడ్లు (కరెంటును ఒకే దిశలోకి మార్చడానికి), ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్ (దాన్ని నిలవ చేయడానికి) కలిపాను. ఒక వోల్టు చేరడానికి వందసార్లకు పైగా వంచాల్సి వచ్చింది. అందులో ఉన్నది అర మైక్రోజౌల్. ఇప్పుడు ఆ పట్టీని బూటు లోపల, అడుగు వేసినప్పుడల్లా వంగే చోట అమర్చుతున్నాను. సోమవారం గిండీ స్టేషన్ మెట్లెక్కి చూడాలి.