గుర్రమే కదా అన్నారు

మా చంద్రి ఇప్పుడు నాలుగు కాళ్ల మీద గట్టిగానే నిలబడుతోంది, అందుకే ఇది రాయగలుగుతున్నా. మొన్న ఎండాకాలంలో ఎవరైనా ఫోన్ చేసి "ఎట్లుంది?" అని అడిగితే జవాబు చెప్పలేక కట్ చేసేదాన్ని.

మాది ధర్మాబాద్. నాందేడ్ జిల్లా, మహారాష్ట్రే, కానీ రైలెక్కితే కాసేపటికే బాసర వస్తుంది. ఇంట్లో తెలుగు, మిర్చి బజార్లో మరాఠీ, చంద్రితో ఏది నోటికొస్తే అది. బాపు పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని కిరాయికి ఇస్తాడు. చంద్రిని మాలేగావ్ ఖండోబా జాతరలో కొన్నాడు, ఖండోబా అంటే మన మల్లన్నే. నాసిక్ వైపు మాలేగావ్ కాదు, మా లోహా తాలూకాలోది, మార్గశిరంలో గుర్రాల సంత జరిగేది. తెల్లది, నెమ్మదైనది, చిన్న పిల్లలు తోక పట్టుకున్నా ఏమీ అనదు.

మే నెలలో ఒక బరాత్. పటాకులు కాల్చొద్దని బాపు బయానా తీసుకునేటప్పుడే చెప్పాడు, సరే అన్నారు. తీరా చూస్తే డీజే పెట్టెలు దాని చెవుల పక్కనే, పైగా ఎవరో పెద్ద లడీ తెచ్చి సరిగ్గా కాళ్ల ముందు అంటించారు. దేవుడి దయ, పెళ్లికొడుకు అప్పుడే దిగాడు. చంద్రి ఒక్కసారి లేచి, పగ్గం తెంపుకొని ఉరికి రోడ్డు పక్కన రేకుల కంచెలో పడింది. వెనక ఎడమ కాలు, కీలు కింద, బొమిక తెల్లగా కనపడేంత తెగింది. పెళ్లికొడుకు మేనమామ వచ్చి చూసి "గుర్రమే కదా, పిలగానికేం కాలే, సంతోషపడుండ్రి" అన్నాడు. మిగతా కిరాయి పైసలు ఈ రోజు వరకూ ఇవ్వలేదు.

దాని మీద కూడా నాకంత కోపం లేదు. పెళ్లి హడావిడిలో మనిషికి మనిషే కనపడడు, గుర్రం ఏం కనపడుతుంది? నా కోపం తెల్లారి మా ఇంటికి వచ్చిన పశువుల దవాఖానా మనిషి మీద. ఏ దవాఖానా అని అడగకండి. గేటు దగ్గరే నిలబడ్డాడు, వంగి కట్టు విప్పి చూడలేదు, ఒక పౌడర్ డబ్బా చేతిలో పెట్టి, దీని పని అయిపోయింది, కుంటి గుర్రాన్ని కూర్చోబెట్టి మేపుతారా, ఎవరికన్నా ఇచ్చేయండి అన్నాడు, ఫోన్ చూసుకుంటూ. ఎవరికి ఇయ్యాలె? ఎందుకు తీసుకుంటారు వాళ్లు? బాపు ఏమీ అనలేదు. ఆయన పోయాక కూడా చాలాసేపు ఆ పౌడర్ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చున్నాడు. బాపు అట్లా కూర్చోవడం మా తాత పోయిన రోజు తర్వాత మళ్లీ అప్పుడే చూశాను.

సాయంత్రానికి ఒక ప్రైవేట్ డాక్టర్ దొరికాడు, ఉద్గీర్ వెటర్నరీ కాలేజీలో చదివినాయన. రాగానే అడిగిన మొదటి ప్రశ్న "టెటనస్ సూది వేశారా?" లేదంటే తల పట్టుకున్నాడు. టెటనస్ అంటే ధనుర్వాతం, అది గుర్రాలకు వచ్చినంత తేలిగ్గా వేరే పశువులకు రాదట. దవడలు బిగుసుకుపోతాయి, కంటి మూలలో ఉండే పొర కన్ను మీదికి వస్తుంది, అక్కడిదాకా వచ్చాక బతికించడం చాలా కష్టమట. ఆ రాత్రే సూది వేసి, సెలైన్‌తో కడిగి, కుట్లు పడే చోట వేసి మిగతాది తెరిచి ఉంచాడు. ఆ తర్వాత కట్లు, యాంటీబయాటిక్స్, ఈగలకు వేపాకు పొగ, అదంతా రాసుకుంటూ పోతే మీకు విసుగొస్తుంది.

అమ్మ ఖండోబాకు మొక్కుకుంది, జేజురి నుంచి ఎవరో తెచ్చిన భండారా పసుపు గాయం మీద చల్లుతానంది. డాక్టర్ కుదరదన్నాడు. కాసేపు ఇద్దరికీ వాదన. చివరికి నుదుటికి పెట్టుకోమన్నాడు. రోజూ కట్టు మార్చగానే అమ్మ నుదుటికి పసుపు పెట్టేది, తెల్ల గుర్రం కదా, ముఖమంతా పచ్చగా అయ్యి చూడ్డానికి నవ్వొచ్చేది.

ఒక కాలు నొప్పి ఉంటే బరువంతా రెండో కాలి మీద పడి, బాగున్న కాలి గిట్ట లోపల వాచి అది కూడా పాడవుతుందని మాకు తెలీదు. ఆ మాట చెప్పింది నాందేడ్ గురుద్వారాలో గుర్రాల దగ్గర పనిచేసిన ఒక సర్దార్జీ. అక్కడ గురు గోబింద్ సింగ్ గారి గుర్రం సంతతి అని చెప్పుకునే గుర్రాలున్నాయి, దసరాకు ఊరేగింపులో తీస్తారు. ఆయన ఫోన్లో వీడియో చూసి, ఎవరూ పిలవకుండానే మర్నాడు రైలెక్కి వచ్చాడు. చెయ్యి వెనక్కి తిప్పి గిట్ట మీద పెట్టి వేడి చూడటం, గిట్టకు పైన కాలి వెనక వేలు పెట్టి నాడి పట్టడం నాకు నేర్పించాడు. నాడి గట్టిగా కొట్టుకుంటుంటే భయపడాలట. కింద మందంగా ఇసుక పరచమన్నాడు. ఇసుక తేవాలంటే ఎన్ని తిప్పలో అందరికీ తెలుసు. ఎదురింటి కాకు వాళ్లు ఇల్లు కట్టుకుంటున్నారు, ప్లాస్టరింగ్ ఆపేసి వాళ్ల ఇసుక మొత్తం మా కొట్టంలో పోయించారు. గణపతి మండలి పిల్లలు పాత చందా బుక్కులు పట్టుకొని గల్లీ అంతా తిరిగారు. రసీదు మీద గణపతి బొమ్మ, కింద పెన్నుతో "గుర్రం దవా". మిర్చి మార్కెట్ హమాలీలు కూడా ఇచ్చారు. వాళ్ల దగ్గర రసీదు బుక్ తీయడానికి పిల్లలే సిగ్గుపడ్డారట.

ఇక ఆ రాత్రి. జూన్, వాన ఇంకా పడలేదు, ఉక్క. చంద్రి సాయంత్రం నుంచి మేత ముట్టలేదు. పది దాటాక ముందు కాలితో నేల గీకడం, తల తిప్పి డొక్క చూసుకోవడం, పై పెదవి పైకి మడవడం. తర్వాత పడుకోవడం, లేవడం, మళ్లీ పడుకొని దొర్లబోవడం. ఒళ్లంతా చెమట. పొద్దున్నుంచి లద్దె వేయలేదని అప్పుడు గుర్తొచ్చింది. గుర్రానికి కక్కడం చేతకాదు, దాని కడుపు కట్టుబాటే అట్లాంటిది, లోపల పేరుకుంటే కడుపు పగిలి చచ్చిపోవచ్చని డాక్టర్ ముందే చెప్పి ఉన్నాడు. ఆయన బిలోలి వైపు ఎక్కడో ఉన్నాడు, వస్తున్నా అన్నాడు. ఈలోపు గల్లీలో పెద్దమనిషొకాయన ఎద్దులకు పోసే వెదురు గొట్టం, నువ్వుల నూనె తెచ్చాడు, నోట్లో పోద్దామని. మంచి మనసుతోనే తెచ్చాడు. కానీ అది ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడితో సరి. ఫోన్లో డాక్టర్ అరుస్తున్నాడు, నేను ఆ పెద్దమనిషి చెయ్యి పట్టుకున్నా, ఆయనేమో "నువ్వు పుట్టకముందు నుంచి పోస్తున్న బిడ్డా" అంటాడు. చివరికి అమ్మ గొట్టం లాక్కుని బయట పారేసింది.

దవడ కింద వేలు పెట్టి నాడి లెక్కపెట్టాను. ఊరికే నిలబడ్డ గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి. 72 వచ్చింది. తప్పు లెక్కపెట్టాననుకొని మళ్లీ పెట్టాను. డొక్కకు చెవి ఆనిస్తే మామూలుగా గుడగుడమంటుంది. ఏ శబ్దమూ లేదు. కట్టు కట్టిన కాలితోనే మెల్లగా నాలుగడుగులు నడిపించడం, ఆపడం. దొర్లకుండా చూడటానికి ఒకరి తర్వాత ఒకరు పగ్గం పట్టుకున్నారు. ఆ రాత్రి మా గల్లీలో ఎవరూ పడుకోలేదనే అనుకుంటా.

డాక్టర్ రెండింటికి వచ్చి నొప్పి సూది వేసి, ముక్కులోంచి కడుపులోకి గొట్టం దింపి, నీళ్లు, లిక్విడ్ పారఫిన్ పోశాడు. తిరగకుండా ఒకే చోట ఉండటం, ఎండు చొప్ప, ఎండకు నీళ్లు చాలకపోవడం, ఇవన్నీ కలిసి పేగు బిగిసిందన్నాడు. ఇంక ఎదురుచూడాలి అన్నాడు. తెల్లవారుతుండగా తోక ఎత్తి లద్దె వేసింది. కొద్దిగానే, గట్టిగా, జిగురుగా. అమ్మ దానికి దండం పెట్టింది. నిజంగానే, లద్దెకు. పిల్లలు "యళ్‌కోట్ యళ్‌కోట్, జయ్ మల్హార్" అని ఖండోబాకు జై కొడుతూ అరిచారు, పొద్దున్నే ఐదింటికి, ఎవరూ తిట్టలేదు.

ఆ తర్వాత గాయం మానడానికి చాలా నెలలు పట్టింది. కాలి కింది భాగంలో కండ ఉండదు, చర్మమే, అందుకే ఆలస్యం. మధ్యలో ఎర్రటి మాంసం గాయం అంచులు దాటి పైకి పెరిగింది. డాక్టర్ బ్లేడుతో కోసేస్తుంటే రక్తం ధారగా కారింది. నేను కళ్లు మూసుకున్నా, చంద్రి మాత్రం నిమ్మళంగా గడ్డి నములుతోంది. ఆ మాంసంలో నరాలు ఉండవట.

గుర్రం ఉన్నవాళ్లకు రెండే చెప్తాను. దెబ్బ చిన్నదైనా పెద్దదైనా టెటనస్ సంగతి ముందు అడగండి, డాక్టర్ అడగకపోతే మీరే అడగండి. కట్టేసి ఉంచిన రోజుల్లో ఎన్ని నీళ్లు తాగింది, ఎన్నిసార్లు లద్దె వేసింది, గోడ మీద బొగ్గుతో రాసుకోండి. మిగతాది పైవాడి దయ, అమ్మ మాటల్లో మల్లన్న దయ. మార్గశిరంలో మాలేగావ్ పోయి మొక్కు చెల్లించాం. అక్కడ ఒక బేరగాడు కాలి మచ్చ చూసి సగం ధరకు అడిగాడు. బాపు అమ్మకానికి తేలేదన్నాడు. ఇప్పుడు డీజే ఉన్న బరాత్‌లకు పోవట్లేదు, ఆదాయం తగ్గింది, ఆ సంగతి ఇంట్లో ఎవరం మాట్లాడుకోం.

మొన్న పశువులకు గాలికుంటు టీకాలు వేయడానికి ఆ దవాఖానా మనిషే మా గల్లీకి వచ్చాడు. చంద్రిని చూసి "ఇది అదేనా?" అన్నాడు. అదే అన్నాడు బాపు, కుర్చీ వేయించి చాయ్ తెప్పించాడు. నేనైతే మంచినీళ్లు కూడా ఇచ్చేదాన్ని కాదు.